రాత్రిని అడిగి, చెట్టును బయటపెట్టండి



మార్చి నెల వచ్చేసింది. మన ఊళ్ళో అయితే శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఆ తరవాత దుప్పట్లు మడతపెట్టి పైన పడెయ్యడమే. కానీ న్యూజెర్సీలో, షికాగోలో, టొరాంటోలో కాపురాలు పెట్టుకున్న మనవాళ్ళకి ఆ లెక్క కుదరదు. ఇక్కడ శివరాత్రికీ మంచు పడుతుంది, ఉగాదికీ పడుతుంది. ఒక్కో ఏడు శ్రీరామనవమి పానకం తాగుతూ కిటికీలోంచి మంచు పడటం చూస్తాం.

మధ్యలో ఉన్నట్టుండి ఒక శనివారం వస్తుంది. తెల్లటి ఎండ. కోటు అక్కర్లేదు. పిల్లలు సైకిళ్ళు బయటికి తీస్తారు. పక్కింటాయన చొక్కా చేతులు మడిచి కారు కడుగుతూ ఉంటాడు. సరిగ్గా అప్పుడే మనకి బోన్సాయ్ గుర్తొస్తుంది. చలికాలమంతా గరాజ్‌లోనో, కిటికీ పక్కనో ఉండిపోయిన చెట్టు. 'అయ్యో, ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో' అనుకుంటాం. కుండీ ఎత్తి తీసుకెళ్ళి డెక్ మీద నడి ఎండలో పెట్టేస్తాం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ శనివారం గురించే. అందులో ఉన్న ప్రమాదం గురించే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. బోన్సాయ్ చెట్లు నడి చలికాలంలో చనిపోవడం తక్కువ. చలికాలమంతా మనం జాగ్రత్తగానే ఉంటాం. అవి ఎక్కువగా దెబ్బతినేది చలి వెళ్ళిపోతున్న రోజుల్లో. వెళ్ళిపోయిందని మనం అనుకున్నాక, ఇంకా వెళ్ళని రోజుల్లో. పగటి ఎండ చూసి మనం తొందరపడతాం. రాత్రి ఏం జరుగుతుందో చూడం. అందుకే మీకు ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు: పగటిని చూసి కాదు, రాత్రిని చూసి బయటపెట్టండి. ఈ మాట ఇంకో రెండు మూడుసార్లు చెబుతాను. విసుక్కోకండి.

సరే, మొదటి ప్రశ్న. మీ దగ్గర ఉన్న చెట్టు ఏ జాతిది?

బోన్సాయ్ అనేది ఒక చెట్టు పేరు కాదని మీకు తెలుసు. దాదాపు ఏ చెట్టునైనా చిన్న కుండీలో, కత్తిరిస్తూ, తీగ చుట్టి వంపులు తిప్పుతూ పెంచవచ్చు. కాబట్టి మన పనికి చెట్లని రెండు గుంపులు చేసుకుందాం. ఒకటి చలి దేశాల చెట్లు. జూనిపర్, పైన్, జపనీస్ మేపుల్ లాంటివి. రెండోది వేడి దేశాల చెట్లు. మర్రి, రావి, జువ్వి బంధువులు. ఇక్కడ షాపుల్లో ఫైకస్ అని అమ్ముతారే, అవి. జేడ్ మొక్క, కాగితం పూల చెట్టు, మనవాళ్ళు కొందరు గింజ నాటి పెంచుకునే చింత చెట్టు, ఇవన్నీ ఈ గుంపే.

ఈ రెండు గుంపులకీ నియమాలు వేరు. చలి దేశాల చెట్టుకి చలికాలం నిద్ర కావాలి. ఆ నిద్ర లేకపోతే దానికి బతుకు లేదు. వేడి దేశాల చెట్టుకి ఆ నిద్ర తెలియదు. గట్టి చలి తగిలితే అది తట్టుకోలేదు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. మాల్‌లో చిన్న జూనిపర్ బోన్సాయ్ అమ్ముతారు. పైన గులకరాళ్ళు జిగురుతో అంటించి ఉంటాయి. బల్ల మీద పెట్టుకోండి అంటారు. కానీ జూనిపర్ ఇంట్లో బతికే చెట్టు కాదు. అది ఆరుబయట చెట్టు. ఇంకో సంగతి వినండి. జూనిపర్ చనిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. వేళ్ళు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి, ఆకుకి ఆ కబురు చాలా ఆలస్యంగా చేరుతుంది. అందుకని రంగు చూసి మోసపోకండి. ఆకుని వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లిగా వంచండి. మెత్తగా వంగితే ప్రాణం ఉంది. పెళపెళ విరిగితే కష్టమే. అంటించిన రాళ్ళుంటే ఊడదీసెయ్యండి. నీళ్ళు మట్టిలోకి దిగాలి కదా.

ఇప్పుడు చలి దేశాల చెట్ల సంగతి చూద్దాం.

చలికాలంలో మేపుల్ చెట్టు ఆకులు రాల్చేసి మోడులా నిలబడుతుంది. చచ్చిపోలేదు. నిద్రపోతోంది. కొమ్మల కణాల్లో చక్కెరలు పెరుగుతాయి. అవి గడ్డకట్టే చలి నుంచి కణాన్ని కాపాడతాయి. ఆ స్థితిలో కొమ్మలు ఎంతో చలిని ఓర్చుకుంటాయి. కానీ వేళ్ళు అంత ఓర్చుకోలేవు. కొమ్మ కంటే వేరు సుకుమారం. అడవిలో ఉన్న చెట్టుకి ఆ ఇబ్బంది లేదు. చుట్టూ ఉన్న నేలంతా దాని వేళ్ళని కాపాడుతుంది. మన బోన్సాయ్ వేళ్ళకి ఉన్నదల్లా రెండు మూడు అంగుళాల లోతు మట్టి. చలి పైనుంచీ వస్తుంది, పక్కలనుంచీ వస్తుంది, అడుగునుంచీ వస్తుంది.

ఇప్పుడు వసంతం మొదలవుతుంది. పగళ్ళు కాస్త వెచ్చబడతాయి. చెట్టులో నీరు కదులుతుంది. కొమ్మ చివర చిగురు మొగ్గ ఉబ్బుతుంది. బాగా వినండి, ఈ ఘట్టమే ముఖ్యం. మొగ్గ ఉబ్బడం మొదలైన దగ్గర్నుంచి చెట్టు తన చలి కవచాన్ని విప్పేసుకుంటుంది. జనవరిలో ఓర్చుకున్న చలిని అదే చెట్టు ఏప్రిల్‌లో ఓర్చుకోలేదు. చలి మళ్ళీ వచ్చింది కదా అని ఆ కవచాన్ని గబగబా తొడుక్కోవడం దానికి చేతకాదు.

జపనీస్ మేపుల్‌ని దగ్గర్నుంచి గమనించండి. మొగ్గ ఎర్రబడుతుంది. పైనున్న పొరలు విడిపోతాయి. లోపలినుంచి ముడతలు ముడతలుగా చిన్న ఆకు బయటికి వస్తుంది. చేతివేళ్ళన్నీ ముడిచినట్టు కిందికి వాలి ఉంటుంది. దాని అంచుల్లో రంపపు పళ్ళు కూడా అప్పటికే ఉంటాయి. వేలితో తాకితే తడిగా, అతి పలచగా ఉంటుంది. అలాంటి ఆకు మీద ఒక్క రాత్రి ఫ్రాస్ట్, అంటే సన్నటి మంచు పొర, పడిందనుకోండి. తెల్లారి చూస్తే ఆకు ఉడికిపోయినట్టు ముదురు రంగులో వేలాడుతుంది. మధ్యాహ్నానికి నల్లబడుతుంది. మర్నాటికి పొడి పొడి. చెట్టు బలంగా ఉంటే ఇంకో విడత చిగురు వేస్తుంది. కానీ ఆ చిగురుకి కావలసిన బలం అది నిరుడు వేసవిలో కూడబెట్టుకున్నది. దాన్ని రెండుసార్లు ఖర్చు పెట్టించాం. ఆ ఏడాదంతా చెట్టు నీరసంగానే ఉంటుంది.

మరి మొగ్గ విచ్చుకునే దాకా గరాజ్‌లోనే ఉంచేద్దామా? అదీ కుదరదు. చీకటి గరాజ్‌లో మొగ్గ విచ్చుకుంటే వెలుతురు కోసం రెమ్మ పొడుగ్గా, పాలిపోయి, బలం లేకుండా సాగుతుంది. కణుపుల మధ్య దూరం పెరిగిపోతుంది. బోన్సాయ్ అందం చిన్న ఆకులో, దగ్గరదగ్గరగా ఉన్న కణుపుల్లో ఉంది కదా. ఆ అందం ఒక్క పది రోజుల్లో పోతుంది.

కాబట్టి పద్ధతి ఇది. మొగ్గ ఇంకా ముడుచుకునే ఉందా? అయితే గట్టి చలి తగ్గాక చెట్టుని బయటికి తీసుకురావచ్చు. తేలికపాటి ఫ్రాస్ట్ దాన్ని ఏమీ చెయ్యదు. పైగా చల్లగా ఉంటే తొందరపడి చిగురు వెయ్యకుండా ఆగుతుంది. అది మనకి లాభమే. మొగ్గ విచ్చుకుందా? ఆకు బయటికి కనిపిస్తోందా? అయితే పగలు బయట, చలి రాత్రులు లోపల. ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే సున్నా సెల్సియస్‌కి దగ్గరగా దిగుతుందంటే ఆ సాయంత్రం చెట్టు గరాజ్‌లోకి వెళ్ళాలి. పొద్దున్న మళ్ళీ బయటికి రావాలి. బోన్సాయ్ పెంచేవాళ్ళు దీన్ని 'బోన్సాయ్ షఫుల్' అంటారు. రాత్రి చీకట్లో ఉంటే చెట్టుకి నష్టం లేదు. ఎలాగూ రాత్రే కదా. నాలుగైదు చెట్లుంటే చక్రాల బండి ఒకటి పెట్టుకోండి, నడుం నొప్పి రాదు.

బయటపెట్టే చోటు కూడా చెబుతాను. మొదట్లో బల్ల ఎక్కించకండి. నేల మీద పెట్టండి. నేలలో ఉన్న వెచ్చదనం కుండీ అడుక్కి తగులుతుంది. ఇంటి గోడకి ఆనుకుని, గాలి నేరుగా కొట్టని చోట, పొద్దుటి ఎండ తగిలే తూర్పు వైపు పెట్టుకుంటే మంచిది.

గాలి మాట ఎందుకంటున్నానంటే, వసంతపు గాలి చాలా చెడ్డది. జూనిపర్, పైన్ లాంటి వాటికి చలికాలంలోనూ ఆకులుంటాయి. ఎండ కొడుతుంది, గాలి వీస్తుంది, ఆకులోంచి నీరు ఆవిరైపోతుంది. ఆకు కింద నుంచి నీళ్ళు అడుగుతుంది. కుండీలో మట్టి ఇంకా గడ్డకట్టుకునే ఉంటే వేరు ఎక్కడినుంచి తెచ్చిస్తుంది? చుట్టూ నీళ్ళే. కానీ అంతా మంచుగడ్డ. చెట్టు దాహంతో చనిపోతుంది. మనం చలికి పోయిందనుకుంటాం. అందుకని మట్టి గడ్డకట్టి ఉన్న చెట్టుని ఎప్పుడూ ఎండలో, గాలిలో పెట్టకండి. ముందు నీడలో పెట్టి మట్టి మెల్లిగా కరగనివ్వండి.

ఇప్పుడు రాత్రి గురించి ఇంకాస్త వివరంగా. ఇదే అసలు మాట అన్నాను కదా.

ఫోన్‌లో వాతావరణం చూస్తారు. ఈ రాత్రి 36 డిగ్రీలు అని ఉంటుంది. గడ్డకట్టేది 32 దగ్గర కాబట్టి పరవాలేదనుకుని పడుకుంటారు. పొద్దున్న లేచి చూస్తే గడ్డి మీద, కారు అద్దం మీద తెల్లటి ఫ్రాస్ట్. ఇదెలా జరిగింది? వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత కొలిచేది మనిషెత్తు గాలిలో. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే, నేల మీదున్న ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. గడ్డీ, ఆకూ, కుండీ అన్నీ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతాయి. చల్లబడిన గాలి బరువెక్కి పల్లపు చోట్లలో చేరుతుంది. అందుకే 36 అన్న రాత్రి కూడా నేల దగ్గర ఫ్రాస్ట్ పడుతుంది.

మబ్బు పట్టిన రాత్రి ఇంత ప్రమాదం లేదు. మబ్బు ఆ వేడిని మళ్ళీ కిందికి పంపిస్తుంది. కాబట్టి సాయంత్రం బయటికి వెళ్ళి ఒకసారి తల పైకెత్తి చూడండి. నక్షత్రాలు మిలమిలలాడుతూ స్పష్టంగా కనిపిస్తున్నాయా? ఆకు కదలనంతగా గాలి ఆగిపోయిందా? అంకె 40 లోపుందా? అయితే మీ చెట్టుకి ఈ రాత్రి నీడ కావాలి. ఎండకే కాదండీ, ఆకాశానికీ నీడ కావాలి. ఇంటి చూరు కింద పెట్టినా చాలా తేడా ఉంటుంది. లోపలికి మోసుకెళ్ళడం కుదరకపోతే పాత దుప్పటి ఒకటి కప్పండి. దాని అంచులు నేలని తాకాలి. అప్పుడే నేల వేడి లోపల నిలుస్తుంది. ప్లాస్టిక్ షీటు ఆకులకి తగిలేలా కప్పకండి, అది తగిలిన చోటల్లా ఆకు కమిలిపోతుంది. పొద్దున్నే దుప్పటి తీసెయ్యడం మర్చిపోకండి. సాయంత్రానికి మట్టి తడిగా ఉండేలా చూసుకోండి. పొడి మట్టి కంటే తడి మట్టి పగటి వేడిని ఎక్కువ నిలుపుకుంటుంది.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. పగటిని చూసి కాదు, రాత్రిని చూసి బయటపెట్టండి.

ఇక రెండో గుంపు. వేడి దేశాల చెట్లు. ఫైకస్, జేడ్, కాగితం పూల చెట్టు, చింత.

వీటికి నియమం చాలా తేలిక. రాత్రి ఉష్ణోగ్రత వరసగా 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 10 డిగ్రీల సెల్సియస్ పైన నిలబడేదాకా బయటికి వద్దు. ఒక్క రాత్రి దాటితే కాదు. వరసగా నిలబడాలి. మరి అది ఎప్పుడంటారా? అది మీరున్న ఊరిని బట్టి. డాలస్, ఫ్రిస్కో వైపు ఉన్నవాళ్ళకి ఏప్రిల్‌లోనే ఆ రోజులు వస్తాయి. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు మే మధ్యదాకా ఆగాలి. షికాగో, నేపర్‌విల్ వాళ్ళు ఇంకాస్త. అక్కడి తోటమాలులు కనీసం మదర్స్ డే దాటేదాకా సుకుమారమైన మొక్క బయటపెట్టొద్దంటారు. టొరాంటో వైపు విక్టోరియా డే ఆనవాలు. సియాటిల్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. మీకు మే నెలలో ఫ్రాస్ట్ భయం పెద్దగా ఉండదు, పగలు హాయిగా ఉంటుంది. కానీ రాత్రి 50 దాటి నిలవడం జూన్ వచ్చేదాకా నమ్మకం లేదు. అందుకే పండగని చూసి కాదు, మీ ఊరి రాత్రిని చూసి నిర్ణయించండి.

రాత్రి సంగతి తేలాక ఎండ సంగతి. ఇక్కడే రెండో తొందర.

ఇంట్లో కిటికీ దగ్గర ఆరు నెలలున్న ఫైకస్ ఆకులు ఆ వెలుతురుకి తగ్గట్టుగా పుట్టినవి. అవి పలచన. దొరికిన కాస్త వెలుతురునీ పట్టుకోవడానికి వెడల్పుగా పరుచుకున్నవి. వాటికి నేరుగా తగిలే ఎండ తెలియదు. మన కంటికి కిటికీ దగ్గర వెలుతురు బాగానే ఉన్నట్టుంటుంది. కానీ బయట ఎండ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఎండలో ఉన్న అతినీలలోహిత కిరణాలని కిటికీ అద్దం కొంతవరకు ఆపేస్తుంది. అలాంటి చెట్టుని తెచ్చి ఒక్కసారిగా మే నెల మధ్యాహ్నపు ఎండలో పెడితే, ఆకుల మీద మచ్చలు మచ్చలుగా తెల్లబారుతుంది. తరవాత ఆ మచ్చ గోధుమరంగులోకి తిరిగి ఎండిపోతుంది. ఆ ఆకు మళ్ళీ పచ్చబడదు.

జ్వరం తగ్గి లేచిన మనిషికి మొదటి పూటే పెళ్ళిభోజనం పెట్టం కదండీ. జావతో మొదలుపెట్టి, పథ్యం పెట్టి, మెల్లిగా మామూలు భోజనంలోకి తెస్తాం. చెట్టుకీ అంతే. మొదటి మూడు నాలుగు రోజులు పూర్తి నీడ. చూరు కిందో, పెద్ద చెట్టు కిందో. తరవాత కొన్ని రోజులు పొద్దుటి ఎండ ఒక గంట, రెండు గంటలు. తరవాత ఇంకాస్త. రెండు వారాలకి అది తనకి కావలసిన ఎండలో నిలబడుతుంది. ఈ లోపు కొత్త ఆకులు వేస్తుంది. ఆ కొత్త ఆకులు చిన్నగా, దళసరిగా, ఎండకి పుట్టినవి. బయటపెట్టే మొదటి రోజు మబ్బు పట్టి, కాస్త చినుకు పడుతున్న రోజైతే అంతకంటే మంచి ముహూర్తం లేదు.

ఫైకస్ చోటు మారగానే కొన్ని ఆకులు రాల్చవచ్చు. కంగారుపడకండి. కంగారుపడి ఎక్కువ నీళ్ళు పోసేస్తాం, అదీ అసలు ముప్పు. ఆకులు తగ్గిన చెట్టు తక్కువ నీళ్ళు తాగుతుంది. మట్టి ఎప్పుడూ తడిసి ముద్దగా ఉంటే వేళ్ళు కుళ్ళిపోతాయి. చెట్టు బతికే ఉందా అని అనుమానం వస్తే, సన్న కొమ్మ మీద బెరడుని గోటితో కొద్దిగా గీరండి. లోపల పచ్చగా ఉంటే ఓపిక పట్టండి. వస్తుంది.

ఇదే నియమం మీ ఇంట్లో కరివేపాకు కుండీకి కూడా. అమెరికాలో ఎన్నో తెలుగు ఇళ్ళలో కిటికీ పక్కన ఒక కరివేపాకు మొక్క ఉంటుంది. మల్లె కుండీ ఉంటుంది. అవి బోన్సాయ్ కాకపోయినా, చలికాలం లోపల గడిపినవే. వాటికీ రాత్రి 50, ఆ తరవాత నీడ, ఆ తరవాత ఎండ. క్రమం మారకూడదు.

బయటికి తీసేముందు ఒక చిన్న తనిఖీ. ఆకు వెనక్కి తిప్పి చూడండి. కణుపుల్లో దూదిలా తెల్లగా ఉంటే పిండినల్లి. కొమ్మ మీద గోధుమరంగు బుడిపెల్లా అంటుకుని, గోటితో గీరితే ఊడి వస్తే పొలుసు పురుగు. ఆకు అడుగున సన్నటి సాలెగూడు ఉంటే ఎర్రనల్లి. చలికాలం ఇంట్లో పొడిగాలికి ఎర్రనల్లి బాగా పెరుగుతుంది. నీళ్ళు కాస్త జోరుగా చల్లి ఆకుల అడుగు భాగం కడిగితే చాలావరకు పోతుంది.

ఎత్తేటప్పుడు మొదలు పట్టుకుని ఎత్తకండి. రెండు చేతులూ కుండీ కింద పెట్టి ఎత్తండి. బోన్సాయ్ లోతు తక్కువ కుండీలో ఉంటుంది. మొదలు కదిలితే సన్నటి పీచు వేళ్ళు తెగిపోతాయి. నీళ్ళు తాగేది ఆ పీచు వేళ్ళే. అందుకే నాటేటప్పుడే చెట్టుని తీగతో కుండీ అడుగు రంధ్రాలకి కట్టేస్తారు. ఆ కట్టు వదులైందేమో చూసుకోండి. గాలి ఎక్కువ ఉండే డెక్ మీద పెడితే కుండీని కూడా బల్లకి కట్టెయ్యండి.

కుండీ మార్చి, వేళ్ళు కత్తిరించి, కొత్త మట్టి వేసే పని కూడా చలి దేశాల చెట్లకి ఈ రోజుల్లోనే చేస్తారు. మొగ్గ ఉబ్బి, ఇంకా విచ్చని వేళలో. అలా చేసిన చెట్టు ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషే అనుకోండి. దానికి మూడు నాలుగు వారాల పాటు ఫ్రాస్ట్ తగలకూడదు, పెద్దగాలి తగలకూడదు. ఎరువు కూడా అప్పుడే వద్దు. కొత్త వేళ్ళు నిలదొక్కుకోనివ్వండి.

నీళ్ళ సంగతి ఒక్క మాటలో. రోజు లెక్కన పొయ్యకండి. మట్టిని అడిగి పొయ్యండి. వేలు ఒక అంగుళం లోపలికి పెట్టి చూడండి. తడి తగ్గిందనిపిస్తే, అడుగు రంధ్రాల్లోంచి నీళ్ళు కారేదాకా పొయ్యండి. ఆకు లేని రోజుల్లో తక్కువ అడుగుతుంది. ఆకు విచ్చాక, ఎండా గాలీ తగిలాక, రోజూ అడుగుతుంది. వేసవిలో అయితే రెండు పూటలా అడగవచ్చు.

మన దేశంలో వింటున్న శ్రోతలకి ఒక మాట. హైదరాబాదులో, విజయవాడలో ఫ్రాస్ట్ లేదు. కానీ ఎండ విషయంలో చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది. హాల్లో అలంకారంగా పెట్టుకున్న మర్రి బోన్సాయ్‌ని మార్చి నెలలో ఒక్కసారిగా మేడ మీద ఎండలో పెడితే అదే మచ్చలు వస్తాయి. మీకు వసంతం తరవాత వచ్చేది మండు వేసవి. లోతు లేని కుండీలో మట్టి మధ్యాహ్నానికే కాలిపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి షేడ్ నెట్ కింద ఉండేలా చూసుకోండి.

ఇంత జాగ్రత్త అవసరమా, ఒక కుండీ కోసం, అని ఎవరైనా అడగవచ్చు. దానికి రెండు ఉదాహరణలు చెబుతాను.

బోస్టన్‌లో ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ అని పెద్ద వృక్షోద్యానం ఉంది. లార్జ్ ఆండర్సన్ అనే ఆయన జపాన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసి, 1913లో కొన్ని బోన్సాయ్ చెట్లు కొని తెచ్చుకున్నారు. ఆయన పోయాక భార్య ఇసబెల్ 1937లో వాటిలో చాలా చెట్లని ఆ ఉద్యానానికి ఇచ్చారు. వాటిలో రెండు వందల ఏళ్ళు దాటిన హినోకీ సైప్రస్‌లు ఉన్నాయి. చలికాలంలో వాటిని గడ్డకట్టే స్థాయికి కాస్త పైన ఉండే చల్లటి గదిలో పెడతారు. మార్చిలో బయట ఎంత ఎండ కాసినా తొందరపడరు. ఏప్రిల్ మధ్యకి గానీ బయటికి తీయరు. అనుభవం ఉన్నవాళ్ళు ఆగుతున్నారు. మనమూ ఆగుదాం.

రెండోది వాషింగ్టన్‌లో. నేషనల్ ఆర్బొరేటమ్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో ఒక జపనీస్ వైట్ పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెంచుతున్న చెట్టు. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ళ పండగకి జపాన్ పంపిన 53 బోన్సాయ్‌లలో అదొకటి. ఇచ్చినాయన మసారు యమాకి. ఆయన ఇల్లు హిరోషిమాలో. 1945 ఆగస్టు 6న బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఆ చెట్టు ఉంది. తోట చుట్టూ ఉన్న గోడ దాన్ని కాపాడింది. ఈ సంగతి మ్యూజియం వాళ్ళకి పాతికేళ్ళదాకా తెలియలేదు. 2001లో ఆయన మనవలు చెట్టుని చూడటానికి వచ్చి చెబితే తెలిసింది.

ఆ చెట్టు ఈ రోజు బతికుందంటే ఒక గోడ కాపాడినందుకే కాదు. 1625 నుంచి ప్రతి ఏడూ ఎవరో ఒకరు దానికి నీళ్ళు పోశారు, ఎండా చలీ గమనించారు. ఒక్క ఏడు ఒక్క వారం ఎవరూ పట్టించుకోకపోతే అది ఉండేది కాదు. నేలలో ఉన్న చెట్టు తన బతుకు తాను చూసుకుంటుంది. కుండీలో ఉన్న చెట్టు ఆ పని మనకి అప్పగించింది. మనం దాన్ని నేల నుంచి వేరు చేశాం కాబట్టి, నేల చేసే కాపలా మనమే చెయ్యాలి. ఈ బాధ్యత నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. అందుకే మీ ముందు ఇంతసేపు మాట్లాడుతున్నాను.

సరే, సెలవు తీసుకునేముందు అన్నీ ఒకసారి కూడదీసుకుందాం.

మీ చెట్టు ఏ గుంపుదో తెలుసుకోండి. చలి దేశం చెట్టైతే మొగ్గని చూడండి. మొగ్గ ముడుచుకుని ఉంటే బయట ఉండనివ్వండి, ఆకు విచ్చితే చలి రాత్రి లోపలికి తీసుకెళ్ళండి. వేడి దేశం చెట్టైతే రాత్రి 50 దాటి నిలబడేదాకా ఆగండి. ఆ తరవాత ముందు నీడ, తరవాత పొద్దుటి ఎండ, చివరికి పూర్తి ఎండ. గాలికి అడ్డం ఉంచండి. మట్టిని అడిగి నీళ్ళు పొయ్యండి. నిర్మలమైన ఆకాశం, గాలి లేని రాత్రి కనిపిస్తే కప్పండి, లేదా లోపలికి తెండి.

ఈ సాయంత్రమే ఒక పని చెయ్యండి. గరాజ్‌లో లైటు వేసి, మీ చెట్టు కొమ్మ చివర మొగ్గని దగ్గరగా చూడండి. తరవాత ఫోన్ తీసి వచ్చే పది రాత్రుల అంకెలు చూడండి. పగటి అంకెలు వదిలెయ్యండి. ఈ రెండూ చూశాక బయటపెట్టాలో ఆగాలో మీకే తెలుస్తుంది. ఆగాలని తేలితే నిశ్చింతగా ఆగండి. ఒక వారం ఆలస్యంగా బయటికి వచ్చిన చెట్టు ఆ వారాన్ని తీర్చేసుకుంటుంది. ఒక వారం ముందు బయటికి వచ్చిన చెట్టుకి ఏడాదంతా చాలకపోవచ్చు.

మీ చెట్లన్నీ ఈ వసంతంలో నిండుగా చిగురించాలని కోరుకుంటున్నాను.